చుక్కలు చూపించే ఆసుపత్రి

మన సర్కారు వైద్యానికి మంచిరోజులొచ్చాయి. పెద్దాసుపత్రిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, రోగి ఎంతసేపు ఎదురుచూడాలో ముందే లెక్కగడతారట. తెరమీద నీలం చుక్కలు రోగులు, పచ్చచుక్కలు డాక్టర్లు. నీలం చుక్కలు బుద్ధిగా ఓపీ చీటీ రాయించుకుంటాయి, రక్తపరీక్షకు పోతాయి, మందుల కిటికీ ముందు నిలబడతాయి. వాటికి దగ్గు రాదు, కళ్లు తిరగవు, మధ్యాహ్నమైనా ఆకలెయ్యదు. బాత్రూమ్‌కి తాళం ఎందుకేశారని అడగవు. ఇంత మర్యాదస్తులైన రోగులు దొరికాక ఆరోగ్యశాఖకు ఇంకేం కావాలి?

ఈ కంప్యూటర్ నమూనాను, అంటే సిమ్యులేషన్‌ను, తిట్టడానికి రాయడం లేదిది. సమీక్ష జరిగే గదిలో నిజం చెప్పడానికి సిద్ధంగా ఉన్నది అదొక్కటే. 1952లో నార్మన్ బెయిలీ అనే గణాంకవేత్త బ్రిటన్ ఆసుపత్రుల ఓపీని కాగితం మీదే నడిపించి చూశాడు. డాక్టరుగారి కొద్ది నిమిషాలు వృథా కాకూడదని జనం కాలాన్నంతా తగలేస్తున్నారని తేల్చాడు. మొదట ఇద్దర్ని పిలవండి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో సమయం ఇవ్వండి అన్నాడు. డెబ్బై ఏళ్లు దాటిపోయాయి. మన ఓపీలో ఇప్పటికీ అందరికీ ఒకటే అపాయింట్‌మెంటు. "పొద్దున్నే రండి."

అసలు లెక్క మొరటుది. ఒక్కడే డాక్టరు, రోగికి సగటున మూడు నిమిషాలు, జనం వేళాపాళా లేకుండా వస్తారనుకోండి. క్యూల సూత్రం ప్రకారం డాక్టరు సమయంలో 80 శాతం నిండితే సగటు నిరీక్షణ 12 నిమిషాలు. 90 శాతానికి 27. 95కి 57. 99కి దాదాపు 5 గంటలు. నూరు దాటితే సూత్రం చేతులెత్తేస్తుంది. ఇక క్యూ పెరగడమే తప్ప తరగడం ఉండదు. ఇంతవరకూ సాఫ్ట్‌వేర్‌తో పనిలేదు. అది అక్కరకొచ్చేది ఆ తర్వాత. తలుపు తియ్యకముందే అందరూ ఒకేసారి వచ్చి పడితే? డాక్టరును మధ్యలో పోస్ట్‌మార్టానికి పంపితే? మంత్రిగారి కాన్వాయ్ వెంట తోలితే? వికలాంగుల సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో కూర్చోబెడితే? రక్తం తీసే వేళ దాటిందని రేపు రమ్మన్న మనిషి, రేపటి క్యూలో కొత్త రోగిగా మళ్లీ లెక్కకొస్తే? ఇవన్నీ సిమ్యులేషన్ చూపించగలదు. అందుకే ఇవేవీ దానికి చెప్పరు.

మనవాళ్ల దృష్టిలో కిటకిటలాడటమే సామర్థ్యం. డిపో మేనేజరు సంక్రాంతి బస్సుల ఆక్యుపెన్సీ రేషియో చెప్పుకున్నట్టు, "మా పడకలు నూటికి నూరు శాతం నిండాయి" అని ఛాతీ విరుస్తారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1999లో ఒక సిమ్యులేషన్ అధ్యయనం అచ్చేసింది. పడకలు సగటున 85 శాతం మించి నిండితే అత్యవసర కేసుకు పడక దొరకని ప్రమాదం మొదలవుతుందని, 90కి చేరితే కొరత మామూలైపోతుందని దాని సారాంశం. ఇవాళ ఖాళీగా కనిపించే పడక, రాత్రి రెండింటికి రాబోయే యాక్సిడెంటు కేసు వాటా. బస్సయితే ఫుట్‌బోర్డు మీద వేలాడొచ్చు. ఐసీయూకి ఫుట్‌బోర్డు లేదు.

ఇక మనకు తెలిసిన సంస్కరణ క్యూఆర్ కోడ్. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2022లో 'స్కాన్ అండ్ షేర్' వచ్చింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ చేతికొస్తుంది. చీటీ క్యూ తగ్గుతుంది, మంచిదే. మరి అక్కడ తగ్గిన జనం ఆవిరైపోరు కదా, అంతే వేగంగా వచ్చి డాక్టరు గది ముందు పోగవుతారు. గదిలో డాక్టరు ఒక్కడే. ఈ సంగతి సిమ్యులేషన్‌ను అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పేది. కానీ ఫొటోకు పనికొచ్చేది చీటీ కౌంటరే.

ఇప్పుడు సమీక్షా సమావేశం ఊహించుకోండి. కన్సల్టెంటు కుర్రాడు తెర వెలిగించి, "సార్, ఇంకో ఇద్దరు డాక్టర్లను వేస్తే క్యూ కరిగిపోతుంది" అంటాడు. "అది తప్ప ఇంకేదైనా చెప్పు బాబూ" అంటారు సార్. చెప్పడానికేం, బోలెడున్నాయి. కుర్చీలకు రంగు వెయ్యొచ్చు. టీవీ పెట్టొచ్చు. నిరీక్షణను ఎక్కణ్ణుంచి కొలవాలో మార్చొచ్చు. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ రోగి సంగతి 4 గంటల్లో తేల్చాలని గడువు పెట్టాక, గడియారం మొదలవకుండా రోగుల్ని బయట అంబులెన్సుల్లోనే ఆపుతున్నారన్న ఆరోపణలొచ్చాయి. మనకంత శ్రమ అక్కర్లేదు. తెల్లారకముందే గేటు దగ్గర దుప్పటి పరుచుకున్నవాణ్ణి మన గడియారాలేవీ లెక్కపెట్టవు.

చివరికి కుర్రాడికి కిటుకు బోధపడుతుంది. డాక్టర్ల సంఖ్య ఉన్న గడికి తాళం, తక్కిన గడులన్నీ ఆడుకోవడానికి. మంజూరైన పోస్టులన్నీ భర్తీ అయినట్టు రాస్తే సగం క్యూ మాయం. రోగికి మూడు నిమిషాల బదులు ఒకటిన్నర అని కొడితే మిగతా సగం మాయం. చుక్క నోరెత్తదు. ఆ తాళంచెవి ఖజానాలో ఉందని అందరికీ తెలుసు. 2025 నాటికి ఆరోగ్యానికి ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2025 వచ్చింది, ఆ రెండున్నర రాలేదు.

చవకలో ఒక మోడల్ చెబుతాను. ఓపీ గోడ మీద రోజూ మూడు అంకెలు అంటించండి. మంజూరైన డాక్టర్లెందరు, ఈ పూట కూర్చున్నదెందరు, నిన్న వచ్చిన జనమెంత. అవి చూస్తే, లైనులో నిలబడ్డ ముసలమ్మ తన వంతు ఎప్పుడొస్తుందో మీ తెరకంటే ముందే చెబుతుంది. గోడ మీద చోటు లేదంటారా? నాయకుల ఫ్లెక్సీ ఒకటి దించండి. ఖర్చంటారా? ఒక పొడుగు కాగితం, గుప్పెడు మైదాపిండి. అంటించే ధైర్యం మాత్రం టెండరు పిలిచినా దొరకదు.