తూము మీది మనిషి

మనవడు బైకు మీద లద్దాఖ్ పోయొచ్చిండు. ఫోను నా ముక్కుకు ఆనించి, "తాతా, మంచు స్తూపం" అన్నడు. చలికాలంల ఊరికే పోయే వాగు నీళ్లను పైపుల తెచ్చి పైకి చిమ్మితే గోపురం లెక్క గడ్డ కడుతయట. ఎండలు ముదిరి విత్తనాల అదును రాంగనే కరిగి చేన్లకు పారుతయట. 2013-14 చలికాలంల సోనమ్ వాంగ్‌చుక్ మొదలుపెట్టిండు. అంతకుముందు 1987లనే చేవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజినీరు కొండ నీడన రాతికట్టలు కట్టి నీళ్లను మంచు చేసి ఆపిండు. కొండ మీది అసలు మంచు ఏటేటా తరిగిపోతుంటే ఏం చేస్తరు మరి!

"లేహ్‌ల ఏడాదికి పది సెంటీమీటర్ల వానే తాతా." మనకు ఎనభై దాకా పడుతది. అయినా మా పెద్ద అంబర్‌పేట్‌ల మార్చి దాటిందంటే గేటు ముందు ట్యాంకరే.

మా రోజుల్ల చెరువు తూము మీద నీరటి ఉండేటోడు. ఎవరి మడికి ఎంతసేపు పారాల్నో ఆయన నోటికే ఉండేది. పటేలైనా తన వంతు వచ్చేదాక ఆగాల్సిందే. చెరువు నిండని ఏడు ఊరంత కూసొని, యాసంగికి ఎన్ని ఎకరాలు పారించాల్నో తైబందీ చేసుకునేది. పంటొచ్చినంక కల్లంలనే నీరటికి గింజలు కొలిచేది. అంత మంచికాలమేం కాదులే, అందరి మళ్లకు నీళ్లు పెట్టిన ఆ చేతికి మా వాకిట్ల దూరం నుంచే పోసేటోళ్లం.

లద్దాఖ్ ఊర్లల్ల గూడ నీళ్లు పంచే మనిషి ఉంటడట, చుర్‌పోన్ అంటరట. మంచు తరిగినా వాళ్లు ఆ మనిషిని ఇడవలే. మనం? పక్కాయన ఎనిమిది వందల అడుగుల బోరేస్తే ఈయన వెయ్యి. భూమి కింద వంతులుండయి, మోటరుకు ఎంత బలముంటే అంత. ఇంత మంది ఉన్న అపార్ట్‌మెంట్ల తైబందీ మాటెత్తితే నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూస్తరు.

"మరి నీరటి ఎందుకు పోయిండు తాతా?"

చెరువు కింద పొలాలుంటే గద, తూముతోటి పని.

"మన పొలం?"

ప్లాట్లు చేసి అమ్మిన. నువ్వు కూసున్న ఈ ఫ్లాటు ఆ పైసలదే.

అంతల కింద హారన్ మోగింది. "ముచ్చట్లు సాలుగానీ, పో, పోయి సంపు మూత తియ్" అన్న.