పాటించకూడని సలహాలు

మిలటరీలో చేసి వచ్చిన మనిషి మాటకు మన పల్లెల్లో ఇప్పటికీ విలువ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరి వాళ్లు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. శ్రీకాకుళం వైపు పల్లెల్లోనూ మిలటరీ ఇళ్లకు తక్కువేం లేదు. అలాంటి ఊళ్లో ఎవరికి ఆపద వచ్చినా ముందు మాజీ సైనికుడి గుమ్మమే తొక్కుతారు. “ఆయన చూడనిదా” అన్న నమ్మకం వాళ్లది. అందుకే ఆయన నోట తప్పు సలహా వస్తే ఊరంతా పాటిస్తుంది.

కింద రాసినవన్నీ మన ఊళ్లలో మంచి మనసుతో చెప్పే సలహాలే. కొన్ని వేరే చోట, వేరే వయసులో సరైనవి కూడా. ఇక్కడ మాత్రం వాటిని పాటించకండి.

“రాజస్థాన్ ఎడారిలో చేసినవాణ్ణి, ఈ ఎండ నన్నేం చేస్తుంది?”

చేస్తుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎండకు దూరమైతే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. జైసల్మేర్‌లో పాతికేళ్ల వయసులో సంపాదించిన ఓర్పు అరవై అయిదేళ్లకు మిగిలి ఉండదు. పైగా వయసు మీదపడ్డాక ఒంట్లో నీరు తగ్గినా దాహం అంతగా తెలియదు. బీపీకి వాడే కొన్ని మాత్రలు నీటిని ఇంకా బయటికి పంపేస్తాయి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కూలికి వెళ్లిన వాళ్లు, ముసలివాళ్లు ఎండకు ముందుగా బలవుతారు. దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో, గంజో తాగుతూ ఉండండి. గుండె జబ్బుకో, కిడ్నీ జబ్బుకో మందులు వాడేవాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో వేసవికి ముందే డాక్టరును అడగాలి.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మరో సలహా. ఉల్లిపాయ వల్ల హాని లేదు కానీ, అది ఉందన్న ధైర్యంతో మిట్టమధ్యాహ్నం పొలంలో ఉండిపోవడమే హాని. తాటికల్లు చలవ చేస్తుందన్న మాట కూడా నమ్మకండి. మత్తు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది.

మనిషి తూలుతూ, సంబంధం లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది మామూలు జ్వరం కాదు. జ్వరం మాత్ర దానికి పనిచేయదు. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ పని అసలు చేయకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి విసరండి. ఐసు దొరికితే మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. ఒకరు ఈ పని చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

“పాము కరిస్తే పైన గట్టిగా కట్టు కట్టు”

నా దృష్టిలో పల్లెల్లో ఎక్కువ చేటు చేసే సలహా ఇదే. ఇందులో సైన్యం పాత్ర కూడా కొంత ఉంది. తూటా తగిలి నెత్తురు ధారగా పోతున్నప్పుడు బిగించి కట్టమని సైనికుడికి నేర్పుతారు, అక్కడ అది ప్రాణం నిలబెడుతుంది. పాముకాటుకు అదే కట్టు కడితే కాలు చచ్చుబడుతుంది. రక్తపింజరి కాటైతే ఆ చోట కండ కుళ్లిపోతుంది. ఆసుపత్రిలో కట్టు విప్పగానే ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం, మిరపకాయ నమిలించి కారం తెలుస్తోందా అని చూడడం, వీటన్నిటికీ పట్టే సమయం రోగి ప్రాణంలోంచి పోయే సమయమే.

చేయాల్సింది కొంచెమే. ఉంగరాలు, కడియాలు, మొలతాడు తీసేయండి. కరిచిన కాలికో చేతికో కర్ర ఆసరాగా పెట్టి, విరిగిన ఎముకకు కట్టినట్టు వదులుగా కట్టి, కదలకుండా ఉంచండి. మనిషిని నడిపించకండి. అంబులెన్సు ఆలస్యమయ్యేలా ఉంటే మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్లండి. పామును చంపి తెమ్మని ఎవర్నీ పంపకండి, ఆ వెతుకులాటలో రెండో మనిషి కాటు తింటాడు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒక్కటే. లక్షణాలు చూసి డాక్టరు వైద్యం చేయగలడు.

కట్లపాము గురించి ఒక మాట. అది రాత్రిపూట, నేల మీద పడుకున్న వాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. ఇంట్లో వాళ్లు అజీర్తి అనుకుని సోడా తాగిస్తారు. వానాకాలంలో మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. బూటు దులిపి తొడుక్కోవడం, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకపోవడం సైన్యం నేర్పిన అలవాట్లు. ఇవి ఊరంతటికీ నేర్పండి. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగి జనం అవనిగడ్డ ఆసుపత్రికి పరుగులు తీశారు. విరుగుడు మందు మీ పీహెచ్‌సీలో ఉందో లేదో జూన్‌లోనే కనుక్కోండి.

“పిడుగు పడ్డవాణ్ణి ముట్టుకోకు, ఒంట్లో కరెంటు ఉంటుంది”

ఉండదు. ఆ భయంతో దూరంగా నిలబడడం వల్ల బతకాల్సిన మనిషి పోతాడు. పిడుగు గుండెను ఆపేస్తుంది. వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉంటే తిరిగి కొట్టుకునే అవకాశం ఉంది. పేడలో పూడ్చడం వల్ల ఆ అవకాశం కూడా పోతుంది. ఉరుము వినబడగానే అర్జునుడి పేర్లు తలుచుకోవడం మన పెద్దల అలవాటు. తలుచుకోండి, కానీ శ్లాబు ఇంట్లోకి చేరాక. తాటిచెట్టు కింద, పొలం గట్టు మీద, మోటారు సైకిల్ మీద వద్దు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి. దామిని అనే యాప్ పిడుగుల హెచ్చరిక ముందుగా ఇస్తుంది, గొర్రెల కాపరుల ఫోన్లలో అది తప్పక ఉండాలి. తెగిపడ్డ కరెంటు తీగ సంగతి వేరు. దాని దగ్గరికి వెళ్లకుండా కరెంటు వాళ్ల నంబరు 1912కి చెప్పండి.

“గాలి ఆగింది, ఇక ఇంటికి పోదాం”

తుపాను కన్ను మీ ఊరి మీద నుంచి పోతున్నప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగుతుంది, ఆకాశం కూడా తేటపడుతుంది. ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను దాటినప్పుడు నగరం ఇది చూసింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు పదివేల మంది దాకా పోయారు. అధికారులు చెప్పేవరకు షెల్టరు వదలకండి, పశువుల తలుగులు ముందే విప్పండి.

తుపాన్ల నెల నవంబరే పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ నెల కూడా. పీపీఓ (పింఛను ఉత్తర్వు), డిశ్చార్జి బుక్కు, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోండి. “ఏజెంటుకు ఇస్తే అతనే చూసుకుంటాడు” అన్న మాట వినకండి. ఫోన్‌లో ముఖం చూపించి ఇంటి దగ్గరే జీవన్ ప్రమాణ్ చేసుకోవచ్చు. అది చేయడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. పింఛను ఆగిందంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడు మోసగాడే. ఆ కాగితాలు ఎక్కడున్నాయో మీ ఇల్లాలికి తెలియాలి. రేపు కుటుంబ పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆమె.

“ముందు పాలీక్లినిక్‌కు వెళ్లి రిఫరల్ రాయించుకో”

మామూలు జబ్బుకు అది సరే. ప్రాణం మీదికి వస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అందులోనే చేరాలి. 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకంలో ఎమర్జెన్సీకి ఆ వీలుంది. చేరగానే పాలీక్లినిక్‌కు కబురు పెట్టండి, బిల్లులన్నీ దాచండి.

చలికాలపు సలహాలు రెండే. కాంటీన్ రమ్ము చలిని ఆపుతుందంటారు. తాగినప్పుడు చర్మం వేడెక్కినట్టు ఉంటుంది కానీ, ఆ వేడి ఒంట్లోంచి బయటికి పోతున్న వేడి. తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకోమనేది రెండోది. కాశ్మీర్ గుడారంలో బుఖారీకి పొగగొట్టం ఉంటుంది, మన కుంపటికి ఉండదు. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

“మిలటరీ వాడివి, నీకు దిగులేంటి?” అని మాత్రం ఎవరినీ అనకండి. ఆ మాటకు భయపడే చాలామంది నోరు విప్పరు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో వింటారు.

మాజీ సైనికులకు ఒక విన్నపం. వచ్చే గ్రామసభలో ఓ అరగంట అడిగి తీసుకోండి. ఛాతీ నొక్కడం ఎలాగో, పాముకాటుకు కాలు ఎలా కదలకుండా కట్టాలో పదిమందికి చేసి చూపించండి. 108, 1912, 14416తో పాటు అత్యవసర నంబరు 112 కూడా పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మీరు చెబితే ఊరు వింటుంది.