ప్లాస్టిక్ చెంచా మానకుండానే మానేయడం ఎలా?

ప్లాస్టిక్ చెంచాలు తగ్గించాలని నిర్ణయించుకున్న బీదర్ వాసులకు ముందుగా ఒక ధైర్యం: ఇందుకోసం చెంచాలు తగ్గించనక్కర్లేదు.

స్టీలు చెంచా ఒకటి కొనండి. దానికో గుడ్డసంచీ కుట్టించండి. ఆ సంచీని, బయటికెళ్లేటప్పుడు కంటపడని చోట తగిలించండి. తర్వాత ఏ బండి దగ్గరైనా ప్లాస్టిక్ చెంచా అందుకుంటూ ‘ఇంట్లో స్టీలుది ఉంది’ అని ఒక మాట వేయండి. బండివాడికి పట్టకపోవచ్చు గానీ మీకు నిద్ర పడుతుంది.

చట్టం గురించి బెంగ వద్దు. ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, చెంచాలను కర్ణాటక 2016 మార్చిలోనే నిషేధించింది. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధమే కాబట్టి, రాష్ట్రం దాటి జహీరాబాద్ దాకా వెళ్లి తెచ్చుకుందామన్నా లాభం లేదు. అయితే నిషేధం అమ్మేవాడి తలనొప్పి, మనది కాదు. దుకాణంలో ‘అవి ఉన్నాయా’ అని కళ్లతోనే అడగండి. నోటితో అడిగితేనే నేరం.

అసలు పరీక్ష ఫంక్షన్ హాల్లో ఉంటుంది. బగారన్నం వేడికి చెంచా మెడ వంగుతుంది. ఫోర్కు పన్ను ఒకటి మటన్ ముక్కలోనే ఉండిపోతుంది, దాన్ని నాలుకతో వెతికి తీసి, పళ్లెం అంచున పెట్టి, ఇంకో ఫోర్కు తెచ్చుకుంటాం. డబుల్ కా మీఠాకు వేరే చెంచా, ఐస్‌క్రీముకు పిల్లల ఆటచెంచా అంత ఇంకొకటి. ఎవరైనా లెక్కపెడుతున్నట్టు అనిపిస్తే ‘కడిగేవాళ్లు దొరకడం లేదండీ’ అనండి. ఈ మాట బాగా నలిగింది కాబట్టి ఎవరూ ఎదురడగరు. మోదుగాకు విస్తర్లు కుట్టిద్దామని ఏ పెద్దాయనో అంటే, ‘గాలికి ఎగిరిపోతాయి కాకా’ అని చెప్పి, థర్మోకోల్ ప్లేటు మాత్రం నేలకు అతుక్కుని ఉంటుందన్నట్టు ముఖం పెట్టండి.

ఈ వాదన నిలబడాలంటే గురుద్వారా నానక్ ఝీరా వైపు మాత్రం వెళ్లొద్దు. అక్కడ లంగరులో వచ్చినవాళ్లందరినీ నేల మీద వరసగా కూర్చోబెట్టి స్టీలు పళ్లేల్లో వడ్డిస్తారు. తిన్నాక ఆ పళ్లేలు తొట్టి దగ్గరికి చేరతాయి. ఒకరు మెతుకులు దులిపితే, ఇంకొకరు సబ్బునీళ్లలో రుద్దుతారు, మరొకరు జాడించి బోర్లిస్తారు. వీళ్లెవరూ జీతగాళ్లు కారు. కారు దిగి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నవాళ్లూ ఉంటారు. ఆ పళ్లేల చప్పుడు ఒక్కసారి చెవిన పడిందంటే ‘కడిగేవాళ్లు దొరకడం లేదు’ అనడానికి నోరు రాదు. జాగ్రత్త.

చాయ్‌కి పేపర్ కప్పు వాడండి. లోపల చాయ్ కారకుండా పూసిన పల్చటి పొర మామూలుగా పాలిథిన్‌దే. అయినా పైకి కనబడేది కాగితమేగా!

ఊరి కళను ఆదుకోవాలనుకునేవాళ్లు బిద్రీ చెంచా చేయించుకోవచ్చు. జింకు, రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, మన కోట మట్టితో నలుపు తెప్పించిన పనితనం అది. 2006లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాంతో చింతపండు పులుసు మాత్రం తినకండి. పులుపు తగిలితే జింకు ఊరుకోదు. గాజు బీరువాలో పెట్టి, దాని ముందు నిలబడి ప్లాస్టిక్ చెంచాతో కేకు తినండి.

ఇక తినే చెంచాలు. ఇక్రిశాట్‌లో పనిచేసిన హైదరాబాద్ వాసి నారాయణ పీసపాటి, జొన్న, బియ్యం, గోధుమ పిండ్లతో చెంచాలు చేసి బేకీస్ పేరుతో అమ్మాడు. 2016లో ఆ చెంచాల వీడియో ప్రపంచమంతా తిరిగింది. మీరూ తిప్పండి. కొనడం మరీ అతి అవుతుంది. జొన్నతో చెంచా ఏమిటని నోరెళ్లబెట్టండి. రోజూ మనింట్లో జొన్నరొట్టె తునక తుంచి, మూడు వేళ్లతో దొన్నెలా మడిచి, పప్పు ముంచి, చెంచాతో సహా మింగేస్తున్నామన్న సంగతి మాత్రం గుర్తు రానివ్వకండి.

ఇంటికొచ్చిన చుట్టాలు కూడా అలాగే తినబోతే ఊరుకోకండి. మొదటి తునక తుంచే లోపే ‘అయ్యో, చేత్తోనా అన్నా!’ అంటూ ప్లాస్టిక్ చెంచా చేతిలో పెట్టేయండి. రొట్టెను దాంతో ఎలా తినాలో వాళ్లే చూసుకుంటారు.