నయాగరాకి కూడా డ్యూటీ టైమింగ్సు ఉన్నాయి

బూర్గంపాడు బస్టాండులో దిగి మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. అమెరికా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అదే దారికి గంట పడుతోంది. కిరాణా కొట్టు దగ్గర ఆపుతారు. మందుల షాపు దగ్గర ఆపుతారు. టైలరైతే నోట్లో గుండుసూది తీసి మరీ ఆపుతాడు. అందరిదీ ఒకటే ప్రశ్న: "టీచరమ్మా, నయాగరా చూశారా?"

చూడలేదని చెప్పగానే నా మీదున్న గౌరవం సగానికి సగం దిగిపోతుంది. "అయ్యో, భద్రాచలం పోయి రాములోరిని చూడకుండా వచ్చినట్టుంది గదమ్మా!" అన్నాడు కిరాణా కొట్టాయన, కందిపప్పు తూకం మధ్యలో ఆపేసి. మేమున్నది టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊళ్ళో, అక్కణ్ణించి నయాగరా రోడ్డు మీద రెండు వేల కిలోమీటర్ల పైమాట అని చెప్పబోయాను. "దేశం ఒకటే గదా?" అన్నాడు. కాదనలేను. "పోనీలెండి, ఆర్నెల్లు మంచిగా రెస్టు తీసుకున్నారు" అని ఓదార్చి, పప్పు పొట్లం చేతిలో పెట్టాడు.

నయాగరా మాట ఎలాగో సహించవచ్చు. ఈ రెస్టు మాటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వడం లేదు.

కూతురి పురుడు, ఉగ్గు పొడి వేయించడం, 23 కిలోలు దాటిన సూట్‌కేసులోంచి ఆవకాయ తీసి మళ్ళీ పెట్టి మళ్ళీ తియ్యడం, ఇవన్నీ మీ ఇళ్ళల్లోనూ జరిగేవే, చెప్పను. వీసా సంగతి మాత్రం చెప్పాలి. నాకిచ్చింది బి-2. అంటే కాగితాల ప్రకారం నేను విహారయాత్రికురాలిని. అల్లుడు ముందునుంచే ఫోన్లో పాఠం చెప్పాడు. "అత్తయ్యా, ఎందుకొచ్చారని ఎయిర్‌పోర్టులో అడుగుతారు. అమ్మాయిని చూడ్డానికి అనండి. పిల్లాణ్ణి చూసుకోడానికి అన్నారో, అది పని కిందికొస్తుంది." ఉద్యోగమంతా పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించిన దాన్ని, ఆ ఒక్క ముక్కా దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఆఫీసరు ఆర్నెల్లు ఇచ్చి, "ఎంజాయ్" అన్నాడు.

ఆ ఎంజాయ్ మర్నాడు తెల్లవారుజామునే మొదలైంది. ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంది. ఎప్పుడెప్పుడు పాలు, ఎన్ని మిల్లీలీటర్లు, టమ్మీ టైమ్ ఎంతసేపు, నిద్ర ఎప్పుడు. చివర్న ఎర్ర ఇంకుతో వద్దుల పట్టిక: తేనె నాకించొద్దు, ఏడాది దాకా ఉప్పూ పంచదారా వద్దు, సాంబ్రాణి పొగ వద్దు, క్రిబ్‌లో దిండు వద్దు, దుప్పటి వద్దు, వెల్లకిలానే పడుకోబెట్టాలి. డాక్టర్లు చెప్పినవే, కాదనను. డైపరు మీద పసుపు గీత నీలంగా మారితే తడిసినట్టు అని కూడా నేర్చుకున్నాను. అమెరికాలో ఏం చూశారంటే నిజాయితీగా చెప్పగలిగింది అదే: గీత పసుపులోంచి నీలంలోకి మారడం చూశాను. పగలు చూశాను, అర్ధరాత్రి ఫోను వెలుతురులో చూశాను.

నా ప్రాణం తీసింది ఆ కాగితం కాదు, గోడ. క్రిబ్‌కి పైన చిన్న తెల్ల కెమెరా ఒకటుంది. దానికి కన్నుందని తెలుసు గానీ నోరు కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు. ఓ మధ్యాహ్నం పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకుని జోల పాడుతూ ఊపుతున్నాను. వాడు నిద్రపోయాడు, నాకూ కునుకు పట్టింది. గోడలోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది: "అమ్మా, క్రిబ్‌లో వెయ్యి. కాళ్ళ మీద అలవాటైతే మాకు కష్టం." ఆఫీసులో మీటింగులో కూర్చుని చెబుతోందిట. గభాలున లేచి చెంగు సర్దుకున్నాను. డి.ఇ.ఓ. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన రోజు కూడా అంత చప్పున లేచిన దాన్ని కాదు. అప్పట్నించీ జోల పాడాలన్నా ముందు గోడ వైపు చూడ్డం అలవాటైంది. గోడ ఏమీ అనకపోతే రెండో చరణం అందుకునేదాన్ని.

వీధి చివర పార్కులో ఎదురింటి కవలల్ని ఆడించే అమ్మాయి పరిచయమైంది. కొలంబియా పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయేమో. అలా ఏడాది పాటు వేరే దేశపు ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకునే వాళ్ళని అక్కడ ఓ-పేర్ అంటారు. ఆ పిల్లది స్పానిష్, నాది తెలుగు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఆ పిల్ల గలగలా ఏదో అనేది, ఫోను దాన్ని రైల్వే అనౌన్స్‌మెంటు గొంతుతో తెలుగులో చెప్పేది.

"మీకు వారానికి ఎంత చెల్లిస్తున్నారు?" అంది ఫోను.

"వీడు నా సొంత మనవడు" అన్నాను. ఫోను స్పానిష్‌లో చెప్పింది. ఆ పిల్ల ఓహో అన్నట్టు తలూపి, ఇంకేదో అడిగింది.

"మీ సెలవు దినము ఏది?" అంది ఫోను.

ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే కవలల్లో ఒకడు ఇసుక నోట్లో కుక్కుకున్నాడు. బతికిపోయాను. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఆ పిల్ల లిప్‌స్టిక్ వేసుకుని, స్నేహితుల కారెక్కి, నాకు చెయ్యూపి వెళ్ళిపోయేది. నేను కిటికీలోంచి చెయ్యూపేదాన్ని, రెండో చేత్తో పాలసీసా కడుగుతూ.

ఒక రాత్రి మా అమ్మాయి ఆ ఓ-పేర్‌ల రూల్సన్నీ చదివి వినిపించింది. వాళ్ళది జె-1 వీసా. 1986లో మొదలైన పథకం. 18 నుంచి 26 ఏళ్ళ మధ్య వాళ్ళే రావాలి. రోజుకి 10 గంటలు, వారానికి 45 గంటలు దాటి పని చెప్పకూడదు. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, అది కాక నెలకోసారి శని ఆదివారాలు పూర్తిగా సెలవు. ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు. తలుపు వేసుకోడానికి సొంత గది. చదువుకోడానికి 500 డాలర్లు. వారానికి తక్కువలో తక్కువ 195 డాలర్ల 75 సెంట్లు చేతికివ్వాలి. మూడు నెలల లోపు పసివాడైతే ఆ పిల్లనొక్కదాన్నే వాడితో వదలకూడదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరుండాలి. రెండేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికైతే అంత చిన్నవాళ్ళని చూసిన అనుభవం 200 గంటలకి కాగితాలు చూపించాలి.

"నీకుందా అమ్మా, రెండొందల గంటల అనుభవం?" అని నవ్వింది.

"సర్టిఫికెట్ అడిగితే నిన్నే చూపిస్తా" అన్నాను.

మావారు సారపాక పేపరు మిల్లులో లెక్కల మనిషిగా రిటైరయ్యారు. ఆ 75 సెంట్లు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయని పట్టుకున్నారు. చివరికి తేల్చారు. అక్కడ కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. దాన్ని 45తో హెచ్చవేస్తే 326.25. తిండికీ గదికీ కలిపి 40 శాతం కోత వేస్తే సరిగ్గా 195.75. సెంటు తేడా లేకుండా కుదిరేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ఊపులో నా గంటలు కూడా కూడదామని పెన్ను తీశారు. రాత్రి పాలు, తెల్లారగట్ల పాలు, అంట్లు, నలుగురికి వంట, మధ్యలో తనకి మూడు కాఫీలు... కాఫీల దగ్గరికి రాగానే పెన్నుకి క్యాప్ పెట్టేశారు.

ఇదంతా కడుపులో పెట్టుకుని ఊరొచ్చాను కదా, వచ్చాక ఈ నయాగరా గొడవ. చూడకపోయినా చదివైనా జవాబు చెబుదామని కూర్చున్నాను. తెలిసింది చెబితే మీరు నమ్మరు. అమెరికా, కెనడా 1950లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. నది నీళ్ళు కరెంటుకి మళ్ళించుకోవచ్చు గానీ, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పగటి పూట మాత్రం జలపాతం మీదుగా లక్ష క్యూసెక్కులకి తగ్గకుండా వదలాలి, చూడ్డానికి జనం వస్తారు కనక. సెప్టెంబరు సగం దాకా పొద్దున 8 నుంచి రాత్రి 10, ఆ తర్వాత రాత్రి 8 వరకే. మిగతా వేళల్లో, చలికాలం పొడుగునా 50 వేలు చాలు.

లక్ష క్యూసెక్కులట! ఈ మాట బూర్గంపాడులో కూర్చుని చదవాల్సొచ్చింది. భద్రాచలం వంతెన దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అప్పటికి గానీ మావాళ్ళు బియ్యం బస్తా పైకెక్కించరు. 2022 జూలైలో 71.3 అడుగులొచ్చింది. 24 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. పగటి డ్యూటీలో ఉన్న నయాగరాలు ఇరవై నాలుగు వరసగా నిలబెట్టుకోండి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, అక్కడ ఆ ఓ-పేర్ పథకం మొదలైన ఏడే. అప్పుడు నేను కొత్త కోడల్ని, అత్తగారి ఉప్పు జాడీ చంకనెత్తుకుని డాబా ఎక్కాను. గోదావరి ఎత్తితే అందులో కలిసే మా కిన్నెరసాని వాగుకి పోవడానికి దారుండదు, వెనక్కి తిరిగి ఊళ్ళోకొస్తుంది. దానికి టికెట్టు లేదు, రెయిన్‌కోటు ఇచ్చేవాళ్ళు లేరు, రాత్రి పదయింది కదా సగం తగ్గుదామన్న ఆలోచన అసలే లేదు. కుట్టుమిషన్‌ని నీళ్ళలోంచి లేపి ఎండబెట్టుకున్న ఆ టైలరు, నన్ను పట్టుకుని నయాగరా చూడలేదా అని జాలిపడుతున్నాడు!

మావారు అడ్డం తగిలారు. "అది ఎత్తు మీంచి పడుతుందోయ్, మనది పడదు. లెక్క వేరు." లెక్క వేరే. మనది మన మీద పడుతుంది. కిరాణా కొట్టాయనకి ఈ ఒప్పందం సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే రాత్రి పూట టికెట్టు సగమేనా అమ్మా?" అన్నాడు.

ఇంత చదివాక నాకు తేలిందేమిటంటే, ఆ దేశంలో జలపాతానికి కూడా డ్యూటీ టైమింగ్సు ఉన్నాయి. రాత్రయితే సగం పని. చలికాలమంతా సగం పని. అదీ రెండు ప్రభుత్వాలు సంతకం పెట్టి మరీ ఇచ్చిన వెసులుబాటు. రాత్రి రెండింటికి లేచి సీసాలు మరిగించేది విహారయాత్రికురాలొక్కతే. వయసు సంగతీ అంతే. ఓ-పేర్ 26 దాటకూడదు. మన దేశంలో పదో తరగతి గట్టెక్కని ఆడమనిషి గల్ఫ్‌కి ఇంటి పనికి పోవాలంటే 30 నిండాలి. అమ్మమ్మకి కింద హద్దూ లేదు, పై హద్దూ లేదు. మోకాళ్ళు వంగితే చాలు.

వచ్చేటప్పుడు దోహాలో విమానం మారాం. హైదరాబాదు విమానంలో నా పక్క సీటులో కోనసీమ మనిషి కూర్చుంది. దోహాలోనే ఒకరింట్లో పనిచేస్తోంది, సెలవు మీద వెళుతోంది. ఆ ఇంటి పిల్లాణ్ణి పుట్టిన దగ్గర్నుంచీ ఆమే పెంచుతోంది. తన కూతురు తన తల్లి దగ్గర పెరుగుతోంది. ఫోన్లో ఇద్దరి ఫొటోలూ చూపించింది. ముందు ఆ పిల్లాడిది చూపించి, తర్వాత కూతురిది.

"మీవాడు మీకు బాగా అలవాటయ్యాడాండీ?" అంది.

"ఎత్తుకోకపోతే నిద్రపోడు" అన్నాను, కొంచెం గొప్పగానే.

"అలవాటు చేసుకోకూడదండీ" అంది. "వాళ్ళకేం, నెలలో మర్చిపోతారు."

కూలి లెక్కలు, గంటల లెక్కలు నాకు వచ్చు. ఆ మాటకి మాత్రం నా దగ్గర లెక్క లేదు. జీతం ఉన్న ఆమెకీ, శని ఆదివారాలున్న కొలంబియా పిల్లకీ, ఏమీ లేని నాకూ గడువు తీరడం మాత్రం ఒక్కలాగే తీరుతుంది, మన గొంతు విని పిల్లాడు తల తిప్పడం మొదలెట్టే వేళకి. ఇప్పుడక్కడ వియ్యపురాలి వంతు. వీడియో కాల్‌లో నేను పిలిస్తే వాడు ఆవిడ గాజుల వైపు చూస్తున్నాడు. పాలు పట్టే చెయ్యి ఎవరిదైతే వాళ్ళే వాడికి కావాలి. అందులో వాడి తప్పేముంది. మా అమ్మ నా పిల్లల్ని పెంచి తన ఊరికి వెళ్ళిపోయిన రోజు, బడికి టైమైపోతోందని నేను గుమ్మం దాకా కూడా రాలేదు.

నిన్న అల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మగారి ఆర్నెల్లు మార్చితో అయిపోతాయట. "టికెట్లు ఇప్పుడైతే చవగ్గా ఉన్నాయత్తయ్యా, బుక్ చేసేయనా?" అన్నాడు. వారానికి 45 గంటలు, ఒకటిన్నర రోజు సెలవు, తలుపున్న గది, గోడలకి నోళ్ళుండకూడదు... అన్నీ నోటి చివరిదాకా వచ్చాయి.

"మంగళవారం ప్రయాణం మాత్రం పెట్టొద్దు బాబూ" అన్నాను.

ఆ షరతుకి వెంటనే ఒప్పుకున్నాడు.