సొట్టకు సుత్తెందుకు, లప్పం ఉండగా!

ఉయ్యూరులో బైకుల మాడిఫికేషన్ షెడ్డు తెరవబోతున్న తమ్ముడూ, వెల్డింగ్ సెట్టు కోసం అప్పు చెయ్యకు. ఆ డబ్బుతో లప్పం డబ్బాలు కొను.

ముందుగా వచ్చేది ఆర్‌ఎక్స్ 100. 1996లోనే తయారీ ఆగిన బండి, సొట్టలేని ట్యాంకుతో ఎక్కడ దొరుకుతుంది? పుల్లర్‌తో లాగి, సుత్తితో సముదాయించి రేకును దారికి తెచ్చే చాదస్తం బెజవాడ ఆటోనగర్ పాత మేస్త్రీలకు వదిలెయ్. లప్పం మూడు మిల్లీమీటర్లు దాటితే పగులుతుందనేది కూడా వాళ్లే. వేలు మునిగే సొట్టకు వేలు మందాన పట్టించు. ఇంజన్ అదురుకు బీటలిస్తే స్టిక్కరు ఉండనే ఉంది.

ఇనుము మెరిసేదాకా 80 నంబరు పేపరుతో రుద్దమంటారు. రుద్దితే తుప్పు బయటపడుతుంది, కస్టమర్ బెంగపడతాడు. ఎందుకొచ్చిన గొడవ? తుప్పు మీదే పూసెయ్.

లప్పం గట్టిపడటానికి కలిపే హార్డనర్ నూటికి రెండు పాళ్లు చాలట. మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళు దగ్గరపడ్డాయంటే ప్రతి కుర్రాడికీ బండి రేపే కావాలి. ట్యూబు సగం పిండు, చూస్తుండగానే రాయైపోతుంది. ఎక్కువైన హార్డనర్ తెల్లరంగులోంచి పచ్చటి మరకై తేలితే అది పెర్ల్ షేడ్ అని చెప్పి ఇంకో అయిదొందలు అడుగు.

లప్పం నీళ్లు పీలుస్తుంది నిజమే. అయినా నీళ్లు పోసి పేపరు కొట్టి, తడారకముందే ప్రైమర్ కొట్టెయ్. వానాకాలానికి రంగు బొబ్బలెక్కితే నెపం బందరు ఉప్పుగాలి మీద వేసెయ్. ఆ గాలి ఎదురు చెప్పదు.

అసలు పనితనం కేఫ్ రేసర్ దగ్గర తెలుస్తుంది. వెనక ఫ్రేమ్ కోసి, పొట్టిచేసి, పైపుకు నాలుగు చుక్కల వెల్డింగ్ పెట్టు. దాని మీద లప్పం పూసి నున్నగా తీస్తే అతుకు బ్రహ్మదేవుడికీ దొరకదు. వెనక సీట్లో చెల్లెల్ని ఎక్కించుకుని కంకిపాడు స్పీడ్‌బ్రేకర్ దూకినప్పుడు దొరుకుతుందేమో, అప్పటికి బండి నీ షెడ్డు దాటిపోయింది కదా! ఫ్రేమ్ కోయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని ఎవరైనా గుర్తుచేస్తే, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మీ బావగారని చెప్పుకో.

అమ్మకానికి పెట్టిన బండి దగ్గరికి అనుమానం మనిషి అయస్కాంతం తెస్తాడు. అది ట్యాంకుకు అంటక జారి కిందపడితే కంగారుపడకు. “ఫైబర్ ట్యాంకు బాబాయ్, దూదిలా ఉంటుంది” అను. ఎత్తి మాత్రం చూడనివ్వకు.