అంతర్వేది తొట్టి పద్యాలకు టీకా తాత్పర్యం

మూలము

తే. తొట్టి వెనుకను సైకిళ్లు తోరణములు
గుండిగలు లోన బాణళ్లు కుండ పెరుగు
కొబ్బరాకులు డొక్కలు కొడవలొకటి
తలుపు తీసెడు దారేది తల్లులార!

అవతారిక

మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి వారికి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. కొత్తపేట పక్క ఊళ్లోని ఒక ఉమ్మడి కుటుంబం ఆ రెండు పూటలకీ కావలసిన వంట సామానంతా ట్రాక్టరు తొట్టిలో వేసింది. దాని వెనక తలుపుకి కొత్తగా సైకిళ్ల స్టాండు వెల్డింగు చేయించింది. తీర్థానికి బయల్దేరింది. సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో బండి ఆగాక, ఎండ నడినెత్తికి వచ్చాక, తొట్టి పక్క రేకు మీద ఎవరో సుద్దముక్కతో ఈ పద్యం రాశారు. కవి పేరు తెలియదు. ఆకలి మీద ఉన్నాడని మాత్రం నాలుగో పాదం చెబుతోంది.

ప్రతిపదార్థం

తొట్టి = ఇసుకకీ ధాన్యానికీ కొబ్బరికాయలకీ పుట్టినదై, దాళ్వా నాట్లు ముగిసి నాలుగు రోజులు తెరిపి దొరికినందున కడిగించుకుని, అడుగున ఎండుగడ్డి పరిపించుకుని, పైన టార్పాలిన్ కప్పించుకున్న తొట్టికి; వెనుకను = వెనుక తలుపు మీద; సైకిళ్లు = గేర్లున్నవి రెండు, లేనివి రెండు, వెరసి నాలుగు సైకిళ్లు; తోరణములు = తోరణాలై వేలాడుచున్నవి; లోన = లోపల; గుండిగలు = అన్నానికీ పప్పుకీ వేరువేరు గుండిగలును; బాణళ్లు = వేపుడుకీ పోపుకీ బాణళ్లును; కుండ పెరుగు = కుండతో కూడిన పెరుగును (కుండ నిండా పెరుగు అని కొందరంటారు; బయల్దేరినప్పుడు నిండుగానే ఉంది); కొబ్బరాకులు = ఎండు కమ్మలును; డొక్కలు = పీచు డొక్కలును; కొడవలి ఒకటి = ఒకే ఒక కొడవలియును (కలవు); తల్లులార = ఓ తల్లులారా!; తలుపు తీసెడు దారి = వీటిని బయటికి తీయుటకై తలుపు తెరుచు ఉపాయము; ఏది = ఎక్కడ?

తాత్పర్యం

వంటిల్లంతా లోపల ఉంది. దానికి ఉన్న ఒక్క తలుపునీ సైకిళ్లు మూశాయి. పొయ్యి వెలగాలంటే ముందు సైకిళ్లు దిగాలి. వాటిని దింపవలసిన కుర్రాళ్లు సముద్రస్నానానికి పోయారు.

విశేషాలు

“తొట్టి”. దీని వంశం పెద్దది. మన పెద్దలు ఇదే తీర్థానికి గూడుబండ్లలో వచ్చేవారు. పగలు ప్రయాణం, రాత్రి బండి కిందే పడక, పక్కనే పొయ్యి. అంతకు ముందు చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట సుమారు నూరుమంది పరివారం, డేరాలు, వంట సరంజామా. మజిలీ మజిలీకీ అదంతా దించి మళ్లీ ఎక్కించినవారి పేర్లు చరిత్రలో లేవు. మన వ్యాఖ్యానం వారి పక్షం.

ఇంగ్లండులో విహారానికని బండి ఇల్లు కట్టించుకున్న తొలివారిలో గోర్డన్ స్టేబుల్స్ అనే దొర ఒకడు, నౌకాదళంలో వైద్యం చేసి మానేసినవాడు. 1885లో ‘వాండరర్’ అనే గుర్రపుబండిలో స్కాట్లండు దాకా పోయాడు. ఆయన పరిచారకుడు మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటూ బండికి ముందు వెళ్లి దారి చూసేవాడట. సైకిలు బండికి ముందు, తన చక్రాల మీద తాను. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. కింద సిద్ధాంతానికి పనికొస్తుంది.

“సైకిళ్లు తోరణములు”. ఇక్కడ అలంకారం ఏమిటని పండితుల్లో పేచీ ఉంది. రూపకమని ఒక పక్షం. మాకు విరోధమే తోస్తుంది. రావులపాలెం మార్కెట్టుకి అరటి గెలలు ఇటూ అటూ వేలాడదీసుకుని, తొక్కడానికి చోటు లేక పక్కన నడుస్తూ తోసుకొచ్చే సైకిళ్లని చూసిన నేల ఇది. ఆ సైకిలుకి గెలలే తోరణాలు. మోయడమే తప్ప మోయించుకోవడం ఎరగని జాతిది. అటువంటిది ఇవాళ పల్లకీ ఎక్కింది. ఎక్కించినవాడు అమెరికాలో ఉద్యోగం చేసి సంక్రాంతికి వచ్చిన మనవడు. అక్కడ విహారపు తొట్లకి వెనక సైకిళ్ల స్టాండు ఉంటుందని అతని వాదం. ఉంటుంది, నిజమే. అయితే అక్కడ బండిలోకి ఎక్కే తలుపు పక్కన ఉంటుంది. మన తొట్టికి ఉన్నది వెనక తలుపొకటే, అదీ కింద బందుల మీద తిరిగి బయటికి వాలేది. ఆ ఒక్క సంగతీ మనవడూ అడగలేదు, వెల్డరూ చెప్పలేదు. వెల్డరుకి చెప్పిన కొలత ప్రకారం ఇనుప యాంగిల్ కోసి అతికించడం తెలుసు. అతికించింది ఎక్కడ అన్నది అతని శాస్త్రంలో లేదు.

కట్టిన తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. హ్యాండిలు నట్టు వదులు చేసి ఫ్రేముకి వరసగా తిప్పారు. దాంతో సైకిలు పలచబడి పక్కదానికి తగలడం మానింది. లోపలివైపు పెడళ్లు విప్పేశారు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. అన్నిటిలాగే విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పి విప్పాలి. ఇది తెలియక స్పానరు విరిచినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇనుముకి ఇనుము ఒరుసుకోకుండా పాత ట్యూబు ముక్కలు చుట్టారు. పైన కట్టింది కొబ్బరి తాడు. కోనసీమలో వేరే తాడు వాడటం మర్యాద కాదనుకున్నారు కాబోలు. మంచుకి తడిసిన ఆ ముడి తెల్లవారి గోళ్లకి లొంగదు. అందుకే నాలుగో పాదానికి “త్రాళ్లు విప్పెడు దారేది” అని పాఠాంతరం ఉంది. అది కుర్రాళ్ల ప్రతిలోది. యతి రెంటికీ చెల్లుతుంది.

బరువు సంగతి కవి చెప్పలేదు, వ్యాఖ్యాత చెప్పాలి. తొట్టికి ఇరుసు ఒక్కటే. దానికి వెనక బరువు పెరిగితే ముందు కొక్కెం పైకి లేవజూస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలకి నేల మీద పట్టు తగ్గుతుంది. మొత్తం బరువులో పదోవంతుకి తగ్గకుండా కొక్కెం మీద పడాలని విహారపు తొట్లు లాగే అమెరికా వారి లెక్క. మన రైతు లెక్క కట్టడు, బస్తాలు ముందుకు జరుపుతాడు. ఈ దారిలో ఎత్తు అంటే వంతెనలే, కనక తప్పు తెలిసేదీ అక్కడే. బియ్యం బస్తాలు, మంచినీళ్ల టిన్నులు ఇరుసుకి ముందు పెట్టడం చేత ఈ బండి బతికింది. టిన్ను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. పది టిన్నులు రెండు క్వింటాళ్లు. నీళ్లెందుకు మోసుకుపోవడం, అక్కడ దొరకవా అంటే, దొరుకుతాయి, ఉప్పగా. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకుపలుకుగానే ఉంటుంది.

“గుండిగలు”. బహువచనం సార్థకం. రథోత్సవం ఏకాదశి నాడు. ఇంట్లో సగం మంది ఆ రోజు అన్నం ముట్టరు. వాళ్లకి ఉప్పుడుపిండి. పిల్లలకి అన్నం, ముద్దపప్పు, కంద బచ్చలి కూర. ఒకరి గరిటె ఇంకొకరి గిన్నెలో పడకూడదు. అందుచేత గిన్నెలు రెట్టింపు, గరిటెలు రెట్టింపు, మూతలు రెట్టింపు కావాలి. మూతలని కవి పద్యంలో చేర్చలేదు. ఎవరూ చేర్చరు.

“కొబ్బరాకులు డొక్కలు”. ఇది వంటచెరకు. ఆకు భగ్గున అంటుకుంటుంది, డొక్క నిదానంగా కాలుతుంది. పప్పుకి డొక్క, పోపుకి ఆకు. డెల్టాలో రాయి పుట్టదు కనక పొయ్యికి ఇటుకలు ఇంటి నుంచే రావాలి. ఇసుకలో ఇటుకలు దిగబడతాయి, కాబట్టి గాడి తవ్వి, సముద్రం గాలి వచ్చేవైపు మూతి పెట్టి, పైన గుండిగ ఆనడానికి రెండు ఇనుప కమ్మీలు వేస్తారు. గుండిగ అడుగుకి వెలుపల తడిమట్టి పూయడం మరిచిపోకూడదు. పూస్తే మసి మట్టితోపాటు ఊడివస్తుంది. పూయకపోతే తోమే కోడలి నోట వినవలసినవి వినాలి.

డొక్కలు అన్న చోట డొక్కా సీతమ్మ గారి స్మరణ ధ్వనిస్తోందని మా అభిప్రాయం. కాదనేవారు రసజ్ఞులు కారు. ఈ బండి వైనతేయ దాటింది గన్నవరం దగ్గర, ఆవిడ పేరు పెట్టిన అక్విడక్టు మీదుగానే. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి ఒకసారి స్వామిని చూద్దామని అంతర్వేదికే బయల్దేరారట. దారిలో ఆకలితో ఉన్న ప్రయాణికులు “ఇంకెంత, సీతమ్మ గారిల్లు చేరితే భోజనమే” అని పిల్లలని ఊరడించడం విని, దర్శనం మాని వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వండి పెట్టారని చెప్పుకుంటారు. వంటింటికీ ఆకలికీ మధ్య ఆవిడ ఏ అడ్డూ ఉండనివ్వలేదు. ఈ పద్యంలో నాలుగు సైకిళ్లు అడ్డున్నాయి.

శంక: గ్యాసు బండ ఉండగా డొక్కలెందుకు? సమాధానం: బండ వద్దని ఇంటి పెద్దావిడ ఆజ్ఞ. ఇంటి బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. కారితే అది గాలికంటే బరువు, పైకి పోదు. మూడు వైపులా రేకు మూసిన తొట్టి అడుగున గడ్డిలో పేరుకుని కూర్చుంటుంది. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో, దొంగచాటుగా తెచ్చుకున్న బండ వల్ల మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. ఆవిడకి మదురై దాకా వెళ్లనక్కరలేదు. తాటిపాక దాటుతుంటే పక్కనే పాశర్లపూడి. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ వెలుగు తన పెరట్లోంచి చూసిన మనిషికి రెగ్యులేటరు గురించి ఉపన్యాసం ఇవ్వడానికి మనవడికి నోరు రాలేదు. తప్పదనుకునేవారు 5 కిలోల చిన్న బండ నిలువుగా కట్టి, రెగ్యులేటరు తీసి, మూత బిగించి, గాలాడే చోట పెట్టుకోవచ్చు. పద్యానికి ఇది బయటి విషయం.

శంక: “తల్లులార” అన్న సంబోధన ఎవరికి? తొట్టిలో ఆడవాళ్లు లేరు కదా? సమాధానం: లేరు, ఉండకూడదు. సరుకు తొట్టిలో మనుషులని ఎక్కించడం చట్టం ఒప్పదు. తల్లులు ఆర్టీసీ వారి తీర్థం బస్సులో వచ్చారు. బస్సు ముందు చేరింది. ట్రాక్టరు వచ్చేసరికి వాళ్లు కొంగులు దోపుకుని తోపులో నిలబడి ఉన్నారు. కవి వాళ్లనే పిలిచాడు. వాళ్లేం జవాబిచ్చారో పద్యంలో లేదు. ఉంటే ఛందస్సుకి లొంగదు.

శంక: హైడ్రాలిక్ జాకీతో తొట్టి లేపేస్తే సరిపోదా? సమాధానం: ఈ శంక డ్రైవరుది. ఇసుక దింపే వాడికి సహజమే. పెరుగు కుండ ఉన్నచోట ఇది పూర్వపక్షంగా కూడా నిలవదు.

రెండవ పద్యం

ఆ. ముందు కావలసిన ముంతలు చివరకు
చివర వలయు చాప చేర్చుమడుగు
ఎక్కు వరుసకదియె యెదురుగా దిగు వేళ
తొట్టి సర్దువాని తూకమిదియె

ఇది మొదటి పద్యం కిందే ఉంది, చేతివ్రాత వేరు. పెద్దావిడదని ప్రతీతి.

తాత్పర్యం: ముందు కావలసిన ముంతలని చివర ఎక్కించు. చివర కావలసిన పడక చాపని అడుగున చేర్చు. ఎక్కిన వరుస దిగేటప్పుడు తిరగబడుతుంది. తొట్టి సర్దేవాడికి ఈ తూకం తెలియాలి. రెండో పాదాన్ని “చేర్చు మడుగు” అని విడగొట్టి, చాపని నీళ్లలో పడేయమని అర్థం చెప్పిన వ్యాఖ్యాత ఒకాయన ఉన్నాడు. ఆయన వర్షాకాలంలో ప్రయాణం చేసి ఉంటాడు.

ఈ సూత్రం ప్రకారం సైకిళ్లు చివర ఎక్కాయి కాబట్టి ముందే దిగాలి. అంటే ముందు కావలసినవి అవే అయి ఉండాలి. అయ్యాయా? తోపు చేరాక కాలేదు. సఖినేటిపల్లిలో దింపి ఉంటే అయ్యేవి. అక్కణ్ణించి దారి బల్లపరుపు. ఏటిగట్టు వారన నీడ, వెనక నుంచి రథం చూడబోయే జనం. కుర్రాళ్లు నలుగురూ తొక్కుకుంటూ బండికి ముందే వెళ్లి, తోపులో నీడున్న చోటు చూసి, ఇటుకలు పేర్చడానికి గాడి తవ్వి ఉంచేవారు. వాండరర్ దొర పరిచారకుడు చేసిందీ ఇదే. ట్రాక్టరు వచ్చేసరికి వెనక తలుపు ఖాళీ, రెండు కొక్కేలు తీస్తే గుండిగ చేతికి. స్టాండు కోసి పక్కకి అతికించాలని మనవడు, దానికి గేటులా కీలు పెట్టించాలని అల్లుడు, ఇంకా వాదించుకుంటున్నారు. పక్క రేకుకి వేలాడదీస్తే కాలవగట్టు మీద ఎదురు బండికి దారి ఉండదు. కీలు పెట్టిస్తే నాలుగు సైకిళ్ల బరువుకీ అది ఒక తీర్థం దాకా నిలుస్తుందేమో. పెద్దావిడ సిద్ధాంతానికి వెల్డింగు ఖర్చు లేదు.

శేషం

తిరుగు ప్రయాణానికి పద్యం లేదు. అప్పుడు వరుస ఎవరూ చూడరు. మసి గుండిగలు ముందు, తడి బట్టలు వాటి మీద, నిద్రపోతున్న పిల్లలు బస్సులో. సైకిళ్లకి ఇసుకా ఉప్పుగాలీ పట్టాయి కనక ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరాక గొలుసుకి నూనె పెట్టాలి. ఆ పని అమెరికా వెళ్లేలోపు చేస్తానని మనవడు మాట ఇచ్చాడు. మూతలు లెక్క చూస్తే ఒకటి ఎక్కువ వచ్చింది. పక్క డేరా వారిది అయి ఉంటుంది. మా గరిటె ఒకటి వాళ్ల దగ్గర ఉంది.