బాదానికి పీట, బుడ్డకు గడప

కర్నూలులో ఆరోగ్యం ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతోంది. రాత్రి నానేసి, పొద్దున్నే పొట్టు తీసి, లెక్కపెట్టుకుని నమలాల్సిన బాదం గింజలవి. ప్రపంచంలోని బాదంలో దాదాపు 80 శాతం పండేది కాలిఫోర్నియాలో. అంత దూరాన్నుంచి వచ్చిన చుట్టానికి ఆమాత్రం మర్యాద చేయాల్సిందే!

ఆదోని, ఎమ్మిగనూరు యార్డుల్లో రాసులు పోసిన బుడ్డలకు, అంటే వేరుశెనక్కాయలకు, మాత్రం ఆ యోగం లేదు. కడప వైపు వాటినే చెనిక్కాయలన్నా అదే గతి. తింటే పైత్యమట, ఒళ్లొస్తుందట. ఆ మాటన్న పెద్దమనిషే సాయంత్రం జీడిపప్పు వేయించుకుని ‘మంచి కొవ్వు’ అంటాడు. నూరు గ్రాముల చెనిగ్గింజల్లో మాంసకృత్తులు 25 గ్రాములకు పైనే. బాదంలో 21, జీడిపప్పులో 18. కేలరీలు మూడింట్లోనూ ఇంచుమించు ఒకటే. విటమిన్-ఇ విషయంలో బాదానిదే పైచేయి, ఒప్పుకుందాం. ఆ ఒక్క పతకం చూపించి పోటీలన్నీ గెలిచానంటే ఎట్లా?

ఇంకో అభియోగం: బుడ్డ అసలు ‘నట్’ కాదు, పప్పు జాతిది. నిజమే, కందీ పెసరా దాని బంధువులే. వంశం తవ్వితే బాదమూ నట్ కాదు, పీచ్ పండు దాయాది టెంకలోని గింజ. కులం అడిగి కంచం పెట్టే బుద్ధి చివరికి గింజల్ని కూడా వదల్లేదు.

సంగటి పక్కన బుడ్డల పచ్చడి ఊరిమిండి, బడిలో మధ్యాహ్నం చిక్కీ, సంతలో ఉడకేసిన కాయలు. సీమలో ఇవన్నీ ఉత్త ‘టైంపాస్’. అదే గింజను రుబ్బి, సీసాకెత్తి, ‘పీనట్ బటర్’ అని చీటీ అంటిస్తే జిమ్ కుర్రాళ్లు స్పూన్లతో నాకుతున్నారు. నాయనా, అది కారం తీసేసిన ఊరిమిండే!

2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంటే కిలో కాయలు 72 రూపాయల 63 పైసలు. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే రైతుకు ఆ పైసలూ దక్కవు. బాదం కిలో ఎంతో మీ కిరాణా చీటీలోనే చూసుకోండి.

గుప్పెడు బుడ్డలు తినండి. నూనె లేకుండా వేయించినా, ఉడకేసినా సరే. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి మాత్రం పారేయండి, అఫ్లాటాక్సిన్ అనే విషం ఎక్కువగా ఉండేది వాటిలోనే. స్తోమతుంటే బాదమూ కొనుక్కోండి. బిడ్డకు తెలివి పెరుగుతుందని అప్పు చేసి మాత్రం కొనొద్దు. ఆ తెలివి ముందు మనకు కావాలి.